బూడిద కుప్ప మీద కుక్క

పేలు పట్టి చుక్కమ్మ అనే కోడిపెట్ట పిల్లలు చిక్కిపోతున్నాయి. పుంజు మామ రోజూ గోడెక్కి కూసేవాడు.

"పొరుగు పెరట్లో చూసొచ్చా! బూడిదలో పొర్లిన పది పిల్లల్లో తొమ్మిదికి పేలు లేవు. మీరూ పొర్లండహో!"

"కూత బాగుంది మామా!" అంది చుక్కమ్మ. "మన బూడిద కుప్ప మీద కుక్క పడుకుందిగా?"

"కనిపెట్టడం వరకే నా పని!"

చుక్కమ్మకు అమ్మమ్మ గుర్తొచ్చింది. తన చిన్నతనంలో ఆమె కూసేది కాదు, తనను రెక్క కింద పెట్టుకుని వెచ్చటి బూడిద దాకా నడిపించేది.

ఆ పూట చిన్న పిల్ల మేత ముట్టలేదు. చుక్కమ్మ పిల్లల్ని వెంటబెట్టుకెళ్లి ముసలి కుక్క ముందు నిలబడింది.

"కాస్త జరుగుతావా తాతా?"

కుక్క లేచింది. పిల్లలు బూడిదలోకి దూకాయి.

"అడిగితే జరగనా అమ్మాయీ? మీ అమ్మమ్మ తర్వాత నన్నడిగింది నువ్వే."