స్విచ్ నొక్కే వేళ

“ఆ ఇంజను పేలిపోతే ఏటైపోతావే, ఇందూ?” షెడ్డు గుమ్మంలోనే నిలబడి అడిగాను.

“అరే, పేలదమ్మా. ఇంజను స్పీడు పెరిగాక వాల్వులు తెరుచుకునే టైము మారాలి, అంతే. కొత్త కార్లలో కంప్యూటరే మారుస్తాది. ఈ పాత కార్బురేటర్ బండికి అది లేదు. నేనే స్విచ్ నొక్కాలి.”

“ఎప్పుడు నొక్కాలో ఎలా తెలుస్తాది?”

“చప్పుడు విని.”

రెండుసార్లు తొందరపడి నొక్కింది. ఇంజను దగ్గి ఆగిపోయింది.

ఇందు స్టీలు ప్లాంటు ఉద్యోగం మానేసి క్యాంప్ 2 బస్తీలో ఈ షెడ్డు పెట్టినప్పటి నుంచి వాళ్ల నాన్న దాంతో మాట్లాడలేదు. ఆర్నెల్లుగా ఇద్దరి మధ్య మాటలు మోసి అలిసిపోయాను. ముప్పయ్యేళ్లు ప్లాంటులో కొలిమికి గాలి ఊదే బ్లోయర్ల చప్పుడు విన్న మనిషి, ఇవాళ నేను బతిమాలితే వచ్చి, గోడకేసి చూస్తూ కూర్చున్నారు.

మూడోసారి ఇంజను గొంతు పెరిగింది. ఇందు వేలు స్విచ్ మీదికి వెళ్లింది.

ఆయన కళ్లు మూసుకున్నారు.

“ఉండు, ఉండు... ఆఁ, ఇప్పుడు నొక్కమ్మా.”