తలకిందుల కాగితం

“మెడ పట్టేసిందా పిన్నీ?” అన్నాడు కాంపౌండరు సత్తిబాబు.

కృపాకుమారి చెవి భుజానికి ఆనేంతగా మెడ వంచి, గోడ మీది కాగితం చదువుతోంది. నాగాయలంకలో యుగంధర్ డాక్టరు గారి ఆసుపత్రి వరండా అది. కాగితం కరోనా నాటిది. పండుటాకు రంగుకి తిరిగిపోయింది. పైగా తలకిందులుగా అంటించి ఉంది.

చర్చిలో షీబా టీచరు దగ్గర ఆమె అక్షరాలు నేర్చుకుని రెండేళ్లయింది. అప్పట్నుంచి గోడ మీద రాత కనిపిస్తే చదవకుండా కదలదు. పోయిన వారం పక్కింటావిడకి తోడుగా వచ్చి, ఇదే బెంచీ మీద కూర్చుని, ఈ కాగితాన్ని సగం చదివింది. మిగతా సగం చదవడానికి ఇవాళ పనిగట్టుకుని వచ్చింది.

“అది చదవడానికి కాదు పిన్నీ, ఉండటానికి,” సత్తిబాబు నవ్వాడు. “అప్పట్లో అధికారులు వచ్చి, గోడ మీద కాగితం ఉందా లేదా అని చూసి పోయేవాళ్లు. ఏ తలకాయ లేనివాడు అంటించాడో గానీ మా డాక్టరు గారికి మేలే చేశాడు. ఒక్క పేషెంటు చదివితే ఒట్టు!”

కృపాకుమారి మొహం నల్లబడింది. ఆఖరి వరుస దాకా వేలు పెట్టి చదువుకుంది. పిలుపు కోసం ఆగకుండా లోపలికి వెళ్లింది.

డాక్టరు గారు బందరు లడ్డూ తింటున్నారు. ఎవరో పేషెంటు తెచ్చిన పెట్టె బల్ల మీద తెరిచి ఉంది. నెయ్యి వేళ్ల మీద నుంచి మణికట్టు దాకా కారుతోంది. ఆ చేత్తోనే స్టెతస్కోపు పక్కకి జరిపారు.

“ఏంటమ్మా బాధ?”

“నాకేం లేదండీ. మా ఆయన సామ్యేలు సంగతి అడుగుదామని వచ్చాను. కరోనాలో మీ దగ్గరే ఇంజక్షన్లు చేయించుకున్నాడు. నాలుగో ఇంజక్షన్‌కి మూత్రం ఆగిపోయింది. ఆరో ఇంజక్షన్‌కి మనిషే పోయాడు.”

“ఏ సామ్యేలు? ఎంతమంది సామ్యేళ్లు ఈ ఊళ్లో!”

“లై బకెట్ సామ్యేలండీ,” గుమ్మంలోంచి అందించాడు సత్తిబాబు. “మైదా లై పూసి సువార్త సభల పోస్టర్లు అంటించేవాడు. మన ఉచిత శిబిరం పోస్టర్లు కూడా అతనే. ఒక్కటి వంకర పోయేది కాదు. ఫొటోలో పాస్టరు గారు నిటారుగా నిలబడాల్సిందే.”

“ఓ, అతనా. పాపం.” డాక్టరు గారు బొటనవేలు నాకారు. “మనం చేయాల్సింది చేశాం. పైవాడు పిలిచాడు. ఏం చేస్తాం?”

“పైవాడు కాదండీ. బయట గోడ మీది కాగితంలో ఆ ఇంజక్షన్ పేరే ఉంది. అది పనిచేస్తుందనే రుజువు లేదంట. ప్రాణం మీదకి వస్తుందంట. ఏ డాక్టరూ రాయకూడదని గవర్నమెంటు ఆర్డరు.” కృపాకుమారి బల్ల దగ్గరికి జరిగింది. “మీరు తెలిసే ఇచ్చారా? ఆ ఒక్క మాట చెప్పండి. వెళ్లిపోతాను.”

నోట్లో లడ్డూ ఒక్క క్షణం ఆగింది. మళ్లీ నమలడం మొదలైంది.

“ఆ ఆర్డరు తర్వాత వచ్చిందమ్మా. మీ ఆయన పోయాక. అప్పటికి ఎవరికీ ఏమీ తెలీదు. మేమూ మనుషులమే కదా?”

“కాగితం మీద ఏప్రిల్ అని ఉందండీ. ఆయన పోయింది మే నెలలో.”

“అది పై ఆఫీసులో సంతకం పెట్టిన తేదీ. మన దివిసీమకి వచ్చేసరికి వానలు మొదలయ్యాయి. ఏరా సత్తీ?”

“అంతేనండీ. వానలు మొదలయ్యాకే. తడిసి ఊడిపోతుంటే నేనే మళ్లీ నొక్కాను కూడా.”

డాక్టరు గారు పెట్టె జరిపారు. సత్తిబాబు ఒక లడ్డూ తీసుకున్నాడు. ఇద్దరి దవడలూ కలిసి ఆడుతున్నాయి. చచ్చిపోయిన మనిషి గురించి అబద్ధం ఆడుతూ ఇంత తీపి ఎలా మింగుడుపడుతుందో ఆమెకి అర్థం కాలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

“ఎందుకండీ అబద్ధం? ఆయన ఇక్కడ పడుకున్న రోజు ఆ కాగితం గోడ మీదే ఉంది.”

“ఉందని ఎవరు చెప్పారు?” డాక్టరు గారి గొంతు పెరిగింది. “షీబా టీచరా? ఇంకెవరైనా ఎక్కించి పంపారా?”

“ఈ పిన్ని అప్పట్లో వేలిముద్రండీ,” అన్నాడు సత్తిబాబు, నిండు నోటితో. “మన ఇంజక్షన్ ఫారం మీద కూడా వేలే వేసింది.”

“అదీ సంగతి.” డాక్టరు గారు చేతులు తుడుచుకుని వెనక్కి వాలారు. “అప్పటికి నీకు అక్షరం ముక్క రాదు. గోడ మీద ఉన్నది ఆర్డరో, సినిమా కాగితమో కూడా నీకు తెలీదు. ఆ రోజు ఇదే కాగితం అక్కడ ఉందని ఎలా చెప్తావమ్మా? సాక్షి ఎవరు?”

కృపాకుమారి తన అరచేతుల వంక చూసుకుంది.

“మొదటి ఇంజక్షన్ చేయించుకుని ఆయన మీ బల్ల మీద పడుకుని ఉంటే, ఆయన అంటించాల్సిన పంచాయతీ కాగితాలు ఆగిపోకూడదని, లై బకెట్ పట్టుకుని ఈ కాగితాన్ని మీ గోడకి అంటించింది నేనేనండీ, బొమ్మ లేకపోయేసరికి తల ఎటో తెలియలేదు.”