లెవీనా నింపిన తూటాలు

తూటాలు నింపడం నేర్పమని లెవీనా వచ్చి అడిగినప్పుడు హోమర్ షెడ్డులో పొయ్యి రాజేస్తున్నాడు. ఇంకో కట్టె పెట్టాడు.

ఆమె అతని అన్న కొడుకు ఆర్విన్ భార్య. మోంటానాలో ఆ లోయ మొత్తానికి ఆర్విన్‌లా తూటా నింపేవాడు లేడు. అలాంటివాడు ఇంట్లో ఉండగా ఈమెకిదేం పని?

"ఆయన ఆ తూటాల ప్రెస్సు ముట్టుకోవడం లేదు మామయ్యా," అంది.

ఆ సంగతి హోమర్‌కూ తెలుసు. మార్చిలో వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు డెల్, చెరువు మీద మంచు విరిగి మునిగిపోయాడు. అప్పట్నుంచి ఆర్విన్ నోరు తెరవలేదు. పెట్టింది తినడు. పొద్దస్తమానం గడ్డి కొట్టంలో రైఫిలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. తుడుస్తాడు. మళ్ళీ తుడుస్తాడు. ఎల్క్ దుప్పుల వేటకు కొండెక్కితే మామూలు మనిషవుతాడని ఊళ్ళో అందరూ అన్నారు. హోమర్ కూడా అన్నాడు.

లెవీనా కాదనలేదు. ఆయన డబ్బాలో ఉన్న తూటాలు ఎప్పటివో, చెమ్మ పట్టి ఉంటాయి, విప్పేసి మళ్ళీ నింపి పెడతానంది. నాకా మనిషి కావాలి, ఇంకేమీ వద్దంది. పిండి నిండుకుందని చెప్పినట్టు చెప్పింది.

హోమర్‌కు ఒక అనుమానం. ఒకరు నింపిన తూటా ఇంకొకరు తుపాకీలో పెట్టరు అక్కడ. సొంత తమ్ముడు నింపినా పెట్టరు. ఆ మాటే అన్నాడు.

"ఆయన నింపినవేనని అనుకోవాలి," అంది.

"మొగుణ్ణి మోసం చెయ్యడం నా దగ్గర నేర్చుకుంటావా?"

"అత్తయ్య బతికుంటే ఆమెనే అడిగేదాన్ని."

హోమర్ నవ్వి, బల్ల మీద సామాను పక్కకు జరిపాడు.

పెద్ద పనేం కాదు. ఒకసారి పేలాక మిగిలే ఇత్తడి గుల్లను తోమి, ప్రెస్సులో నొక్కి సరిచెయ్యాలి. అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీ. లోపల తుపాకి మందు. మూతిలో గుండు. కొత్తవాళ్ళు ముందు నింపడం నేర్చుకుంటారు. ఈమె విప్పడం ముందు నేర్పమంది. సుత్తిలాంటి పనిముట్టులో తూటాను బిగించి దిమ్మ మీద కొడితే గుండు ఊడొస్తుంది. అది చూసి తనూ కొట్టింది. చెయ్యి తిరిగేదాకా కొట్టింది.

వచ్చినప్పుడల్లా ఒక రొట్టె తెచ్చేది. పైన గసగసాలు దట్టంగా చల్లి ఉండేవి. పళ్ళ సందుల్లో ఇరుక్కుంటున్నాయని హోమర్ గొణుక్కుంటూనే తినేవాడు.

కొత్తగా నేర్చుకునేవాడెవడైనా ఇది ఎంత దూరం పోతుందని అడుగుతాడు. లెవీనా ఇది ఎలా పాడవుతుందని అడిగింది. జాగ్రత్త తెలిసిన మనిషని హోమర్‌కు ముచ్చటేసింది. నూనె చేతులతో టోపీ ముట్టుకోవద్దని చెప్పాడు, నూనె ఇంకితే టోపీ చచ్చిపోతుందని. మందు పొయ్యడం మరిచి గుండు బిగించేవాళ్ళుంటారని చెప్పాడు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి.

"మరి తెలిసేదెలా?"

"చెవి దగ్గర ఊపు. మందుంటే సన్న ఇసకలా గలగలమంటుంది. నీ మొగుడు ప్రతిదీ ఊపిగాని పెట్టడు."

"తెలుసు. అన్నం బల్ల దగ్గర కూడా ఊపుతుంటే తిట్టేదాన్ని."

ఆర్విన్‌కు ఇంకో అలవాటుంది. తడి దూరకుండా టోపీ చుట్టూ గోళ్ళరంగు పూస్తాడు. ఆమె సీసాలోదే, ఎర్రది. ఆ సీసా కూడా వెంట తెచ్చుకుంది.

చివర్న ఒకటి తనే మొత్తం నింపింది. హోమర్ దాన్ని షెడ్డు వెనక మట్టికట్ట మీద పేల్చి చూపించాడు. లోయంతా మోగింది. ఆమె చెవులు కూడా మూసుకోలేదు.

"ఇలా చేస్తే పేలుతుందన్నమాట," అని సామాను సర్దుకుని వెళ్ళిపోయింది.

మొదటి మంచు పడిన రోజు మధ్యాహ్నం ఆర్విన్ వచ్చాడు. నెత్తిన టోపీ లేదు. కోటు గుండీలు పెట్టుకోలేదు. పొయ్యి దగ్గర కూర్చుని ఒక తూటా తీసి బల్ల మీద పెట్టాడు.

"పేలలేదు బాబాయ్."

మార్చి తరవాత అతని నోట హోమర్ విన్న మొదటి మాట అది.

హోమర్ తూటా తిప్పి చూశాడు. అడుగున ఎర్రరంగు మధ్య తుపాకి సూది దెబ్బ లోతుగా పడి ఉంది. వేట శనివారం గదరా మొదలయ్యేది, ఇప్పుడు దేని మీద పేల్చావని అడిగాడు. ఆర్విన్ పొయ్యిలోకి చూస్తూ గడ్డం కింద రుద్దుకున్నాడు.

తరవాత, తినడానికేమైనా ఉందా అన్నాడు.

లెవీనా తెచ్చిన రొట్టె సగం మిగిలి ఉంది. అదీ, చల్లారిన చిక్కుళ్ళూ పెట్టాడు. మొత్తం తిన్నాడు. తిని, ఆ కుర్చీలోనే నిద్రపోయాడు.

హోమర్‌కు లెవీనా మీద కోపమొచ్చింది. అంత నేర్పితే ఇదా చేసింది? తూటా చెవి దగ్గర ఊపాడు. గలగలమంది. మందుంది. అయితే టోపీదే తప్పు. చిలక్కి చెప్పినట్టు చెప్పాడు, నూనె చేతులు పెట్టొద్దని.

పడుకున్నవాడు లేవకుండా తూటాను బయటికి తీసుకెళ్ళి, సుత్తిలో బిగించి మొద్దు మీద కొట్టాడు. గుండు ఊడొచ్చింది.

గుల్లను అరచేతిలోకి వంచితే, ఇందాక ఆర్విన్ తిన్న రొట్టె మీద ఉన్నవే, గసగసాలు రాలాయి.