తాళంచెవి లేని తాళం

ఫోను ఎన్నిసార్లు ఆనించినా ఆఫీసు తలుపు తెరుచుకోలేదు. బావ దాన్ని కాలితో ఒక్క తన్ను తన్నాడు.

"కంపెనీ మూసేశామని నిన్ననే సర్వర్ ఆపించేశావుగా బావా. తాళం ఇంకెవరి మాట వింటుంది?" అన్నాడు బావమరిది, మెట్టు మీద కూలబడి.

వాళ్లు చేసిన, ఫోనుతో తెరిచే తాళాలన్నీ లోపలే ఉన్నాయి. వాటిని కొంటానన్న ఒకే ఒక్క బేరగాడు దారిలో ఉన్నాడు.

"అందరికంటే ముందు చేశాం రా. అప్పుడు ఒక్కడూ కొనలేదు. ఇప్పుడెవడో పెద్ద కంపెనీవాడు ఇవే అమ్ముతుంటే ఎగబడుతున్నారు. జనానికి బుర్ర మోకాల్లో ఉంటే మనమేం చేస్తాం?"

"వాళ్లు తాళంచెవి కూడా ఇస్తున్నారు బావా."

"చెవి ఇచ్చాక ఇంక గొప్పేముంది?"

చెవి అడిగిన ప్రతివాడినీ బావ ఈ మాటతోనే సాగనంపాడు.

ఇంతలో అక్క మెట్లెక్కి వచ్చింది. సంచిలోంచి చెవి తీసి, తాళం అడుగున ఉన్న మూత జరిపి తిప్పింది. తలుపు తెరుచుకుంది.

"ఇది నీకెక్కడిదే?" అన్నాడు బావ.

"బాగుంది వరస. బిగించిన రోజున మీరేగా ఇచ్చారు? 'ఈ తాళానికొక్కదానికే చెవి కంత పెట్టించాను, ఎందుకైనా మంచిది, దాచు' అన్నారు."

ఎందుకైనా మంచిది. చెవి అడిగినవాళ్లంతా అన్నదీ అదే. బావమరిది నవ్వబోయి, బావ మొహం చూసి మానేశాడు.

బేరగాడు రానే వచ్చాడు. ఒక తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీనికి తాళంచెవి లేదా అండీ?"

బావ నోరు తెరిచాడు. పాత మాట నాలుక దాకా వచ్చి ఆగిపోయింది.

"ఉండాల్సిందండీ," అన్నాడు.