ఆఖరి వంతు

కాకినాడలో ఇప్పుడు చెవిబిళ్ల లేని మనిషి లేడు. ఏ పిలుపుకు ముందు పలకాలో అదే చెబుతుంది. పెద్ద పిలుపు రాగానే మనిషి చేస్తున్న పనిని, అంటున్న మాటను ఉన్నచోటే ఆపి వెళ్తాడు. తిరిగొచ్చాక ఆపిన చోటు నుంచే అందుకుంటాడు.

మంగతాయారు చెవిబిళ్లలో కుక్కర్ కూతది మొదటి స్థానం. తర్వాత పాలపొంగు, తలుపు గంట. మొగుడు సూరిబాబుది ఆఖరు, బట్టల మిషను తర్వాత.

ఆ ఉదయం సూరిబాబు ఆమెతో ఒక సంగతి చెప్పాలి. అక్క కుటుంబాన్ని నెల రోజులు ఉండమని పిలిచాడు. వాళ్లు అప్పుడే రైలు దిగారు. చెప్పకముందే గుమ్మంలోకి వస్తే అతని పని అయిపోయినట్టే. "ఇదిగో, మంగా" అన్నప్పుడల్లా ఏదో ఒకటి మోగింది, ఆమె అటు వెళ్లిపోయింది.

చివరికి వంటగది గోడ చాటున నిలబడి అచ్చం కుక్కర్‌లా ఈల వేశాడు. ఆమె పరుగెత్తుకొచ్చింది.

"అక్కావాళ్లొస్తున్నారు. నెల్రోజులుంటారు," అన్నాడు గుక్క తిప్పుకోకుండా.

"నెల్రోజులా? నన్నో మాట అడగాలని మీకు..."

తలుపు గంట మోగింది. ఆమె మాట ఆపి, వెళ్లి, నవ్వుతూ తలుపు తీసింది.

"రండొదినా, కాఫీ పెడతాను."

చుట్టాలున్నన్నాళ్లూ ఎవరో ఒకరు పిలుస్తూనే ఉన్నారు. మొగుడి వంతు రానేలేదు. ఆమె మరిచిపోయిందనుకుని సూరిబాబు రెండు పూటలా సుఖంగా తిన్నాడు.

నెల తిరిగాక వాళ్లెక్కిన ఆటో సందు మలుపు దాటింది. ఇంట్లో ఏదీ మోగలేదు. మంగతాయారు మొగుడి వైపు తిరిగింది.

"...అనిపించలేదా?" అంది.