తెర పచ్చగానే ఉంది

ఉదయం పదింబావుకు మళ్లీ అదే నంబరు.

గ్రాంట్ ముందు విసుక్కుని, తర్వాత ఫోన్ ఎత్తాడు.

"బర్చ్ లేక్ నుంచి. మీది మళ్లీ ఆగింది," అంది అవతల ముసలి గొంతు.

థండర్ బే ఊళ్లోని ఆ ఆఫీసుది ఒకటే పని. పెద్ద ల్యాబ్‌లో తేలిన రక్తపరీక్షల ఫలితాలను, ఉత్తరాన అడవుల్లో ఉన్న పదహారు చిన్న క్లినిక్‌ల కంప్యూటర్లకు చేరవేయడం. క్లినిక్‌కో ప్రోగ్రాం. వాటన్నిటినీ కనిపెట్టుకుని ఉండేందుకు ఇంకో ప్రోగ్రాం. దానికి గ్రాంట్ కాపలా అని పేరు పెట్టాడు. అది నిమిషానికోసారి ఒక్కోదాన్నీ పలకరిస్తుంది. పలకనిదాన్ని తనే లేపి మళ్లీ నడిపిస్తుంది. అన్నీ పలికినంతసేపూ గోడమీది తెర పచ్చగా ఉంటుంది.

ఏడాదిగా తెర ఎర్రబడలేదని గ్రాంట్ పైవాళ్లకు చెప్పుకోని నెల లేదు.

"తెర పచ్చగానే ఉందండీ."

"మీ తెర ఏ రంగులో ఉంటే నాకేం బాబూ? ఇక్కడ తొమ్మిదింటి నుంచి ఒక్క రిపోర్టూ రాలేదు."

పక్క సీటులోని షాంటెల్ రెండు మీటలు నొక్కి, బర్చ్ లేక్ ప్రోగ్రామును ఆపి మళ్లీ మొదలుపెట్టింది. వారానికి రెండు మూడుసార్లు చేసే పనే. ఆవిడ పోరు పడలేక చేస్తున్నామనే ఆ ఇద్దరూ అనుకునేవారు.

ఆవిడ పేరు ఐలీ కంగస్. క్లినిక్‌లో రిసెప్షన్ మనిషి కాబోలు అనుకున్నారు. ఎవరూ అడగలేదు.

ఆ జనవరిలో గ్రాంట్ ఓపిక అయిపోయింది. ఫిర్యాదులుంటే ఫారం నింపి పంపాలని, ఫోన్లు చేయొద్దని చెప్పాడు. ఆవిడ ఫారం నింపలేదు. ఫోనూ మానలేదు.

సోమవారం ఏకంగా మనిషే వచ్చేసింది. మంచులో రెండు గంటలు పాత ట్రక్కు నడుపుకుంటూ వచ్చి, బూట్లు దులుపుకుని, ఎవరూ కూర్చోమనకుండానే గ్రాంట్ ఎదుటి కుర్చీలో కూర్చుంది. చేతిలో ఒక నోటుబుక్కు.

కాపలా అంటే ఏం చేస్తుందో చెప్పమంది. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడతను.

"అంటే, బతికే ఉన్నావా అని అడుగుతుంది. ఉన్నానంటే వదిలేస్తుంది. అంతేనా?"

"అంతే."

"పని చేస్తున్నావా అని అడగదన్నమాట."

గ్రాంట్ నవ్వాడు. "బతికున్నది పని చేయకుండా ఎలా ఉంటుందండీ?"

"నిన్ను చూస్తున్నాగా," అంది ఐలీ.

షాంటెల్ నవ్వుకు కాఫీ కప్పు అడ్డం పెట్టుకుంది. గ్రాంట్ ముఖం కందగడ్డలా అయింది. మీ మేనేజరుతోనే తేల్చుకుంటాను, నంబరివ్వండి అన్నాడు.

"నాకు మేనేజరు లేడు."

"సరే. ఇకనుంచి మీ ఫోను ఇక్కడ మోగదు."

"మోగకపోతే మోగకపోనీ, నేను చేయడం మానను. రాని రిపోర్టు రాలేదని ఎవరికి తెలుస్తుంది బాబూ? మీ తెరకు తెలియదు. పరీక్ష ఇంకా కాలేదేమో అనుకుంటాడు మా డాక్టరు. ఎవరో ఒకరు అరవాలి. నేను అరుస్తా."

నోటుబుక్కు బల్లమీద వదిలేసి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. గ్రాంట్ దాన్ని తెరవకుండానే సొరుగులోకి తోసి, ఆ నంబరును బ్లాక్ చేయించాడు.

మూడు రోజులు ఆఫీసు హాయిగా ఉంది.

గురువారం మధ్యాహ్నం పెద్దాసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. బర్చ్ లేక్ నుంచి ఒకతన్ని హెలికాప్టర్‌లో తెస్తున్నారు. రక్తంలో పొటాషియం హద్దుమీరి, గుండె లయ తప్పింది. ఆ సంగతి ల్యాబ్ ఉదయం తొమ్మిదిన్నరకే తేల్చింది. క్లినిక్‌కు చేరలేదు. బతుకుతాడో లేదో చెప్పలేమన్నారు.

గ్రాంట్ తలెత్తి చూశాడు. తెర పచ్చగానే ఉంది.

షాంటెల్ బర్చ్ లేక్ ప్రోగ్రామును మళ్లీ మొదలుపెట్టింది. ఐదు గంటలుగా ఆగిన నలభై ఒక్క రిపోర్టులు ఒక్కపెట్టున కదిలాయి. ప్రోగ్రాం చావలేదు. ఏదో ఒక రిపోర్టు దగ్గర చిక్కుకుపోయి, కాపలా పలకరించినప్పుడల్లా ఉన్నానంటూ కూర్చుంది. క్లినిక్ నర్సు ఉదయమే పంపిన ఫిర్యాదు ఫారం వరుసలో తొమ్మిదోదిగా ఎదురుచూస్తోంది.

గ్రాంట్ సొరుగు లాగాడు.

నోటుబుక్కు నిండా తేదీలు. ఆగిన వేళ, ఫోన్ చేసిన వేళ, కదిలిన వేళ. పది నెలల్లో తొంభై ఏడుసార్లు. ప్రతిసారీ కదిలింది ఆవిడ ఫోన్ చేశాకే. కాపలా తనంతట తాను లేపింది ఒక్కసారీ లేదు.

బ్లాక్ చేసిన నంబర్ల జాబితా తెరిచి చూశాడు. ఈరోజు పదింబావు మొదలుకుని ఆ నంబరు నుంచి ఇరవై మూడు కాల్స్.

అతను ఆ నంబరుకు తిరిగి చేశాడు. చాలాసేపు మోగాక నర్సు ఎత్తింది. ఐలీ కంగస్ గారికి క్షమాపణ చెప్పుకోవాలన్నాడు. అలాంటి ఉద్యోగి ఉండటం మీ క్లినిక్ అదృష్టమన్నాడు.

నర్సు మధ్యలోనే ఆపింది.

"హెలికాప్టర్‌లో పంపినతని భార్యను ఆవిడ ట్రక్కులో ఎక్కించుకుని మీ ఊరే వస్తోందండీ. ఇది మా వెయిటింగ్ రూములో గోడకున్న ఫోను. ఐలీ ఇక్కడ ఉద్యోగి కాదు. నిరుడు మార్చిలో వాళ్లాయన రిపోర్టు ఇలాగే మీ దగ్గర ఆగి, ఆయన పోయిన గంటకు వచ్చింది. అప్పటి నుంచి రోజూ తొమ్మిదింటికి వచ్చి, ఆయన కూర్చున్న కుర్చీలోనే కూర్చుని, ఇంకెవరి రిపోర్టయినా రాలేదా అని వచ్చినవాళ్లందరినీ అడుగుతుంది."