తెల్లకోటు భయం

"మళ్ళా నూట తొంభై!" బీపీ పట్టీ విప్పుతూ డాక్టర్ నవనీత విసుక్కుంది. "మాత్రలు ఏస్కుంటున్నవా, మోరీల పడేస్తున్నవా?"

"ఏస్కుంటున్న డాక్టరమ్మా, ఒట్టు," అంది బాలలక్ష్మి.

తల నెరిసిన ఆ మనిషి యూనివర్సిటీ లేడీస్ హాస్టల్లో స్వీపర్. రెండు కళ్ళలోనూ శుక్లాలు. బీపీ దిగితే తప్ప ఆపరేషన్ కుదరదన్నారు కంటి డాక్టర్లు. చూపు ఇంకాస్త తగ్గితే కాంట్రాక్టర్ పనిలోంచి తీసేస్తాడు. నవనీత క్యాంపస్ పనివాళ్ళ దగ్గర ఫీజు తీసుకోదని హాస్టల్ వార్డెనే బాలలక్ష్మిని తార్నాకలోని ఈ క్లినిక్‌కు పంపింది.

విచిత్రమేమిటంటే, హాస్టల్లో వార్డెన్ తన మిషన్‌తో చూస్తే బీపీ మామూలుగానే ఉంటుందట. ఎంతైనా డాక్టర్లకు తమ మిషన్ మీదున్న నమ్మకం ఇంకొకరి మిషన్ మీద ఉండదు. కిందటి నెల నవనీత డోసు పెంచింది. దాంతో బాలలక్ష్మి హాస్టల్ మెట్ల మీద కళ్ళు తిరిగి పడింది. ఆమె నుదుటి మీది కుట్ల మచ్చ చూస్తుంటే ఇప్పుడు నవనీత మనసు చివుక్కుమంటోంది.

"తెల్లకోటు భయం అంటరు దీన్ని," అంటూ కోటు విప్పి పక్కన పెట్టింది. "డాక్టర్‌ను చూస్తేనే కొందరికి బీపీ పెరుగుతది. నేనేమన్న పులినా? మీది ఏ ఊరు?"

"యాదికి లేదమ్మా. చిన్నప్పుడే పనికి తెచ్చిండ్రు..."

లోపలి హాల్లో చేతికర్ర చప్పుడైంది. బాలలక్ష్మి మాట అక్కడే ఆగిపోయింది.

"మా అమ్మ," అంది నవనీత. "ఇది మా సొంతిల్లే. ఈ గదిల ఒకప్పుడు బియ్యం బస్తాలుండేటివి. టేకు తలుపని మార్చలే. చూడు, గొళ్ళెం ఇంకా బయటి దిక్కే ఉన్నది. చిన్నప్పుడు నాకు ఈ గదంటే వణుకు. లోపల పిల్లి ఏడుస్తున్నదని చెప్పేది అమ్మ."

నవ్వుతుందనుకుంది. బాలలక్ష్మి నేల చూపులు చూస్తూ కూర్చుంది. పాపం, బాగా బెదిరిపోయిందని నవనీతకు జాలేసింది.

"ఒక పని చేద్దాం. నేను బయటికి పోతా, తలుపేస్తా. ఎవ్వరు రారు. ఓ పది నిమిషాలు కండ్లు మూసుకొని ఒక్కదానివే కూసో. అప్పుడు చూద్దాం."

"వద్దమ్మా... తలుపు తీసే ఉండనియ్యి."

"నీ మంచికే చెప్తున్న."

ఊరికే దగ్గరికి లాగితే ఆ తలుపు నిలవదు. నవనీత బయటినుంచి గొళ్ళెం పెట్టింది.

తిరిగొచ్చి తీసేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. బాలలక్ష్మి గది మూలన ముడుచుకొని, కొంగు నోట్లో కుక్కుకొని ఉంది. ఒళ్ళంతా చెమట.

"ఏమైంది? బాలలక్ష్మమ్మా!"

వెనక నుంచి చేతికర్ర టకటకలాడించుకుంటూ నవనీత తల్లి ప్రమీలమ్మ వచ్చింది. "ఎవరే లోపల?" అంటూ తొంగిచూసింది.

ఆ గొంతు వినగానే బాలలక్ష్మి కొంగు వదిలేసి రెండు చేతులూ జోడించింది.

"మళ్ళా గొళ్ళెం పెట్టకుండ్రి దొరసానీ, ఇగ ఏడ్వను."